నవల చదివినవారు సినిమా చూసినప్పుడు

ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి పంపమని మన కార్యదర్శిగారు ఫోను చేశారు. డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి సాధికారంగా రాయగలవారు మన సభ్యులలో చాలామంది ఉన్నారు. కనుక నన్ను వేరే విషయం రాసుకోనివ్వమని మనవి చేసుకున్నాను. 1971లో ఎల్.డి.సి.గా చేరి 2008లో పదవీ విరమణ చేసేవరకు నేను రాసినవన్నీ నోట్ ఫైళ్ళే. ఒక విషయం మీద ఎవరేమన్నారో తేదీల వారీగా పేర్చి, కింద పొట్టి సంతకం పెట్టి పై అధికారికి పంపటమే నాకు తెలిసిన రచన. మన తెలుగువారు చదివిన నవలలు సినిమాలుగా వచ్చినప్పుడు పాఠకులు ఏమన్నారన్నది కూడా ఆ పద్ధతిలోనే రాస్తున్నాను. ఇందులో ఒకరి అభిప్రాయం రికార్డులోకి రాకుండా పోవటానికి నేనే కారణం. ఆ సంగతి దాని చోట వస్తుంది.

మాది తెనాలి దగ్గర చిన్న పల్లె. మా నాన్నగారు బడిపంతులు. ఇంట్లో ఉన్న ఒక్క పుస్తకాల బీరువాలో సగం శరత్ బాబువే. శరత్ బెంగాలీ రచయిత అన్న సంగతి హైస్కూలుకు వచ్చేదాకా నాకు తెలియదు. మనవాడేననుకున్నాను. నాలాగా అనుకున్నవారు మన తరంలో తక్కువేమీ కాదు. తరువాత విజయా వారి సినిమాలతో ప్రసిద్ధులైన చక్రపాణిగారు మా తెనాలి ఐతానగరం వారే. శరత్ నవలలను తెలుగులోకి తెచ్చినవారిలో ఆయన ముఖ్యులు. ఈ నేల మీద నవలకూ సినిమాకూ చుట్టరికం అలా ముందునుంచే ఉన్నది.

1953లో వచ్చిన "దేవదాసు" ఆ చుట్టరికాన్ని ఖాయం చేసింది. వేదాంతం రాఘవయ్యగారు దర్శకులు. నాగేశ్వరరావు, సావిత్రి గార్ల నటన గురించి, సుబ్బరామన్ గారి సంగీతం గురించి మీకు నేను చెప్పవలసిన పనిలేదు. నేను నోట్ చేయదలచుకున్నది వేరే విషయం. ఆ సినిమా చూసిన తరువాత మా నాన్నగారు శరత్ పుస్తకం మళ్ళీ తీసి చదివి, "ఇందులో దేవదాసు పలచగా ఉన్నాడేమిటి" అన్నారట. అంతకు ముందు నాలుగైదు సార్లు చదివిన పుస్తకమే. తెరమీద చూసిన మనిషి పుస్తకంలో మనిషిని మింగేశాడన్న మాట. 1974లో కృష్ణగారు, విజయనిర్మలగారు అదే కథను రంగులలో తీశారు. పాత దేవదాసును కూడా ఆ రోజుల్లోనే మళ్ళీ విడుదల చేశారు. జనం పాతదానికే వెళ్ళారు. మా ఆఫీసులో ఒక పెద్దాయన రంగుల దేవదాసు చూసివచ్చి "కథ మార్చేశారండీ" అని ఫిర్యాదు చేశాడు. ఏ కథ అని అడిగితే, ఆయన శరత్ పుస్తకం ఎన్నడూ చదవలేదు. ఆయనకు కథ అంటే 1953 సినిమానే.

శరత్ కథలలో అన్నిటికీ ఈ యోగం పట్టలేదు. "నిష్కృతి" ఆధారంగా 1957లో వచ్చిన "తోడికోడళ్ళు" ఇంటింటి కథలాగా నిలిచింది. "బడదిది" ఆధారంగా భరణీ వారు 1961లో తీసిన "బాటసారి"ని పుస్తకం చదివినవారు మెచ్చుకున్నారు, చదవనివారు మధ్యలో లేచి వచ్చారు. నాకు మాత్రం ఇప్పటికీ బాటసారి ఇష్టం.

ఇక మన నవలల సంగతి. ఇక్కడ కొంచెం ఆగి చెప్పవలసిన పుస్తకం డాక్టర్ పి. శ్రీదేవిగారి "కాలాతీత వ్యక్తులు". 1957, 58 సంవత్సరాలలో "తెలుగు స్వతంత్ర" పత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఆవిడ వృత్తిరీత్యా వైద్యురాలు. అందులో ఇందిర అనే అమ్మాయి ఉన్నది. బాధ్యత పట్టని తండ్రిని తన ఉద్యోగంతో పోషిస్తూ, తన బతుకు తానే చూసుకుంటూ, ఎవరి జాలీ కోరకుండా తిరిగే మనిషి. మంచిదా, చెడ్డదా అని ఒక్క మాటలో తేల్చటానికి వీలులేదు. అటువంటి అమ్మాయిని మన నవలల్లో అంతకుముందు నేనైతే చూడలేదు. ఆ నవల ఆధారంగానే అన్నపూర్ణా వారు ఆదుర్తి సుబ్బారావుగారి దర్శకత్వంలో 1963లో "చదువుకున్న అమ్మాయిలు" తీశారు. సావిత్రి, కృష్ణకుమారి, ఇ.వి. సరోజ, నాగేశ్వరరావు అందరూ ఉన్నారు. పాటలు బాగున్నాయి, హాస్యం బాగుంది, హాలులో రెండున్నర గంటలు హాయిగా గడిచిపోతాయి. నేను పదమూడేళ్ళవాణ్ణి, రెండుసార్లు చూశాను. తరువాత డిగ్రీలో ఉండగా నవల చదివి ఆశ్చర్యపోయాను. ఆ సినిమా ఈ పుస్తకం నుంచి వచ్చిందంటే నమ్మబుద్ధి కాలేదు. మాకు తెలుగు చెప్పిన మాస్టారు అన్నమాట ఇప్పటికీ జ్ఞాపకం: "ఇందిరను ఇంట్లో పెట్టి తాళం వేసి, మిగతావాళ్ళను సినిమాకు తీసుకుపోయారయ్యా." శ్రీదేవిగారు 1961లోనే, ముప్పై రెండేళ్ళకే చనిపోయారు. తన ఇందిర తెరమీద ఏమయిందో ఆవిడ చూడలేదు.

1965లో పి.యు.సి. చదవటానికి నేను తెనాలిలో మా అక్కయ్య ఇంట్లో చేరాను. అక్కయ్య నాకన్నా అయిదేళ్ళు పెద్ద. ఎనిమిదో తరగతి దాకా చదివింది. పై తరగతులకు పక్క ఊరు వెళ్ళాలి, ఆడపిల్ల ఒక్కతే నడిచి వెళ్ళటం దేనికని నాన్నగారు మాన్పించారు. పదహారో ఏట పెళ్ళి చేశారు. ఊళ్ళో పిల్లలందరికీ అక్షరాలు నేర్పిన మనిషి సొంత కూతురి చదువు ఆపించటం అప్పుడు మాకెవరికీ వింతగా తోచలేదు.

ఆ ఇంట్లో నా ముఖ్యమైన డ్యూటీ అద్దె పుస్తకాలు తేవటం. కిళ్ళీ బడ్డీ పక్కన సందులో ఉండేది ఆ కొట్టు. పుస్తకానికి రోజుకు పది పైసలు. అక్కయ్య మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, రెండింటి నుంచి నాలుగింటి దాకా చదివేది. ఇంట్లో పేపరుతో పాటు "ఆంధ్రప్రభ" వారపత్రిక, "జ్యోతి" మాసపత్రిక వచ్చేవి. సీరియల్ పేజీలు జాగ్రత్తగా విప్పి, దారంతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసేది. మా వీధిలో అటువంటి బైండ్లు ఇంటికి ఒకటయినా ఉండేవి. రంగనాయకమ్మగారు, కోడూరి కౌసల్యాదేవిగారు, యద్దనపూడి సులోచనారాణిగారు, మాదిరెడ్డి సులోచనగారు, ద్వివేదుల విశాలాక్షిగారు, ఇలా రచయిత్రులు రాజ్యం ఏలిన కాలం అది. ఆడవారి పేర్లు పెట్టుకుని మగవారు నవలలు రాశారంటే ఆ గిరాకీ ఎంతటిదో తెలుస్తుంది. మా కాలేజీ కుర్రాళ్ళం వీటిని "వంటింటి నవలలు" అనేవాళ్ళం. అలా అంటూనే, అక్కయ్యకు తెచ్చిన పుస్తకం దారిలో సగం చదివేసేవాణ్ణి.

మద్రాసులోని నిర్మాతలు ఈ బైండ్ల సంగతి మాకన్నా ముందే గ్రహించారు. కౌసల్యాదేవిగారి "చక్రభ్రమణం" 1964లో "డాక్టర్ చక్రవర్తి" అయింది. రాష్ట్ర ప్రభుత్వం నంది బహుమతులు ప్రారంభించింది ఆ సంవత్సరానికే. మొదటి బంగారు నంది ఈ సినిమాకే వచ్చింది. గొల్లపూడి మారుతీరావుగారు సినిమా రచనలో అడుగుపెట్టింది కూడా దీనితోనే. నా అభిప్రాయం అడిగితే, నవల కన్నా సినిమాయే బాగుంది. ఈ మాట మీద అక్కయ్యకూ నాకూ రెండు రోజులు మాటలు లేవు. విశ్వనాథ వారి "ఏకవీర" 1969లో వచ్చింది. రామారావు, కాంతారావు గార్లు, నారాయణరెడ్డిగారి సంభాషణలు. నవల చదివిన పండితులు హాలుకు రాలేదు, హాలుకు వచ్చినవారు నవల చదవలేదు. అంతకుమించి దాని గురించి నేను విన్న అభిప్రాయాలు లేవు.

నేను ఉద్యోగంలో చేరిన సంవత్సరమే, 1971లో, "ప్రేమనగర్" వచ్చింది. అదీ కౌసల్యాదేవిగారి నవలే. రామానాయుడుగారు నిర్మాత, కె.ఎస్. ప్రకాశరావుగారు దర్శకులు. ఆయనే తమిళంలో శివాజీ గణేశన్‌తో 1972లో, హిందీలో రాజేష్ ఖన్నాతో 1974లో మళ్ళీ తీశారు. మా సెక్షనులో ఆత్రేయగారి డైలాగులు కంఠతా రాని గుమాస్తా లేడు. వాళ్ళలో నవల చదివినవాళ్ళను లెక్కపెడితే ముగ్గురు తేలారు. ముగ్గురూ భార్యలు చదువుతుంటే పక్కనుంచి చూసినవాళ్ళే. 1973లో యద్దనపూడిగారి నవలలు రెండు, "జీవన తరంగాలు", "మీనా", సినిమాలుగా వచ్చాయి. "మీనా"కు విజయనిర్మలగారే దర్శకత్వం వహించారు. నవల రాసింది స్త్రీ, తీసింది స్త్రీ. అక్కయ్య ఈ సంగతి పది మందికి చెప్పింది. 1975లో రంగనాయకమ్మగారి "బలిపీఠం" వచ్చింది. దాసరిగారు తీశారు. శోభన్ బాబు, శారద. దాని మీద మా ఆఫీసులో మధ్యాహ్నం టీ వేళ వారం రోజులు వాదన జరిగింది. ఆ వాదన నవల మీదా కాదు, సినిమా మీదా కాదు. కులాంతర వివాహం చేసుకోవచ్చా లేదా అన్నదాని మీద. ఇద్దరు ఆ తరువాత కలిసి టీ తాగటం మానేశారు.

ఇప్పుడు "సెక్రటరీ". ఈ నవల 1964, 65 ప్రాంతంలో "జ్యోతి" మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది. తరువాత పుస్తకంగా ఎన్ని ముద్రణలు పొందిందో మీలో చాలామంది ఇళ్ళలోనే సాక్ష్యం ఉంటుంది. ఉద్యోగం చేసుకుంటూ ఆత్మాభిమానం వదులుకోని జయంతి, పెద్ద కారులో తిరిగే ధనికుడు రాజశేఖరం. పదేళ్ళకు పైగా పాఠకులు తమ తమ రాజశేఖరాలను మనసులో పెట్టుకుని ఉన్నారు. 1976లో సినిమా వచ్చింది. నాగేశ్వరరావుగారు 1974లో అమెరికాలో గుండె ఆపరేషను చేయించుకుని వచ్చిన తరువాత చేసిన పాత్ర. జయంతిగా వాణిశ్రీ. సినిమా బాగానే ఆడింది. అయితే పాఠకులలో మాత్రం రెండు పార్టీలు అయ్యాయి. యాభై దాటిన నటుడు రాజశేఖరం ఎట్లా అవుతాడని ఒక పార్టీ. ఆ హుందాతనం ఇంకెవరికి ఉందని రెండవ పార్టీ. మా ఆఫీసులో హెడ్ క్లర్కుగారు నాగేశ్వరరావుగారి వీరాభిమాని. ఆయన ఎదుట మొదటి పార్టీ వాళ్ళం నోరు మెదపలేదు. సెలవు చీటీలు ఆయన చేతిలో ఉండేవి.

అక్కయ్యను ఆ సినిమాకు నేనే తీసుకువెళ్ళాను. అప్పటికి ఆమెకు ముగ్గురు పిల్లలు. చంటివాణ్ణి అత్తగారికి అప్పగించి మ్యాట్నీకి వచ్చింది. చూస్తున్నంతసేపూ మాట్లాడలేదు. తిరిగి వచ్చేటప్పుడు రిక్షాలో నాగేశ్వరరావుగారి వయసు గురించి నేను ఏదో హాస్యమాడితే, "ఆయన వయసుతో నాకేం పనిరా" అన్నది. అంతే.

మరుసటి ఆదివారం నేను వెళ్ళినప్పుడు పిల్లల నోటుబుక్కులోంచి చింపిన కాగితాలు రెండు చేతిలో పెట్టింది. ఒక పత్రికకు పాఠకుల ఉత్తరాల శీర్షికకు రాసిన ఉత్తరం. "అచ్చుతప్పులేవైనా ఉంటే దిద్ది, నీ దస్తూరీతో తిరగరాసి పంపించు. నువ్వు ఎట్లాగూ రోజూ పోస్టాఫీసుకు వెళ్ళేవాడివేగా" అన్నది. నిజమే. నేను అప్పుడు డిస్పాచ్ సీటులో ఉన్నాను. రోజుకు వంద కవర్లకు నంబర్లు వేసి, సర్వీసు స్టాంపులు అంటించి పంపటం నా పని.

ఆ ఉత్తరం ఇప్పుడు నా దగ్గర లేదు. నాలుగు బదిలీలలో ఎక్కడో పోయింది. గుర్తున్నంత రాస్తున్నాను. నవల చదువుతున్నంతసేపు జయంతి ఏమనుకుంటున్నదో తనకు తెలుస్తూ ఉండేదని, సినిమాలో రాజశేఖరం ఏమనుకుంటున్నాడో మాత్రమే తెలిసిందని రాసింది. జయంతి పక్కన కూర్చుని కథ విన్నదాన్ని తీసుకుపోయి దూరంగా నిలబెట్టి జయంతిని చూడమన్నట్టుగా ఉన్నదని రాసింది. టిక్కెట్టు డబ్బులు తాను జయంతి కోసం ఇచ్చానన్నది. ఆఖరున మరో మాట ఉన్నది. ఉద్యోగానికి వెళ్ళే ఆడపిల్ల కథ చదివినప్పుడల్లా తన చదువు ఆపించినవారి మీద కోపం వస్తుందని, ఆ కోపం కోసమే మళ్ళీ మళ్ళీ చదువుతానని. కింద ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, ఊరు.

నేను ఆ ఉత్తరం పంపలేదు.

తిరగరాయటానికి కూర్చున్నాను. ఆఖరు వాక్యం దగ్గర ఆగిపోయాను. నాన్నగారు అప్పటికి రిటైరై ఊళ్ళోనే ఉన్నారు, ఆ పత్రిక చదువుతారు. మా బావగారు మంచివారే గాని, ఇంటి ఆడవారి పేరు అచ్చులో కనపడటం ఆయనకు గిట్టదు. ఆ ఒక్క వాక్యం తీసేసి పంపవచ్చు. అది కూడా చేయలేదు. మనసులో ఇంకొకటి కూడా ఉన్నది, దాచటం దేనికి. వంటింటి నవల గురించి వంటింట్లో రాసిన ఉత్తరం, దీన్ని ఎవరు వేస్తారులే అనుకున్నాను. హెడ్ క్లర్కుగారు రాజశేఖరం పాత్రపోషణ గురించి రోజూ చెప్పేవి మాత్రం శ్రద్ధగా వినేవాణ్ణి.

మూడు నెలలపాటు పత్రిక వచ్చినప్పుడల్లా "వేశారా" అని అడిగింది. "పంపాను అక్కయ్యా, వేయలేదు" అన్నాను. నాలుగో నెల అడగలేదు. ఆ తరువాత ఏ పత్రికకూ ఏమీ రాయలేదు. చదవటం మాత్రం మానలేదు.

1980ల నుంచి సంగతులు త్వరగా చెప్పేస్తాను. యండమూరి వీరేంద్రనాథ్‌గారి నవలల కోసం మా అబ్బాయి వయసువాళ్ళు కొట్టుకునేవారు. "అభిలాష" 1983లో, "ఛాలెంజ్" 1984లో, "రాక్షసుడు" 1986లో, మూడూ చిరంజీవిగారితో, మూడూ కోదండరామిరెడ్డిగారి దర్శకత్వంలో. వాటి మీద నాకు అభిప్రాయాలు తక్కువ, ఆ రోజుల్లో పిల్లల ఫీజుల గొడవలో ఉన్నాను. అక్కయ్య అన్న మాట ఒకటి మటుకు రాస్తాను: "ఇవి చదువుతుంటేనే హీరో కనిపిస్తున్నాడురా, మళ్ళీ హాలుకు పోవటం దేనికి?" 2012లో శ్రీరమణగారి "మిథునం" కథను తనికెళ్ళ భరణిగారు తీసినప్పుడు మన సంఘం వాళ్ళం పదకొండు మందిమి కలిసి వెళ్ళాం. తెరమీద బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి, ఇద్దరే మనుషులు. కథను బాపుగారు తన చేత్తో రాసి పంచిపెట్టినంత మెచ్చుకున్నారు గదా, సినిమాలో తిండి ఎక్కువైందని ఒకరు, తిండే కథ అని ఇంకొకరు వాదించుకుంటూ బస్సు తప్పించుకున్నారు. ఆ ఇద్దరిలో ఒకరు ఇప్పుడు లేరు.

2016లో "అ ఆ" అనే సినిమా వచ్చింది. తరువాత టీవీలో వేసినప్పుడు మనవరాలు పెడితే అక్కయ్య చూసింది. పట్నంలో తల్లి అదుపులో పెరిగిన అమ్మాయి పల్లెటూరికి వెళ్ళేసరికి, "ఇది మా మీనాయే" అన్నదట. ఫోనులో వెతికి చూసి మనవరాలు నివ్వెరపోయింది. అప్పటికే ఎందరో పాఠకులు ఆ మాట అని ఉన్నారు. నలభై మూడేళ్ళు గడిచినా పుస్తకాన్ని పోల్చుకున్నారు.

2018 మే నెలలో యద్దనపూడి సులోచనారాణిగారు అమెరికాలో కన్నుమూశారు. టీవీలో వార్త వచ్చిన సాయంత్రం అక్కయ్య ఫోను చేసింది. సెక్రటరీ బైండు ఇంకా ఉన్నదని, అట్ట మాత్రం చెదలు తిన్నదని చెప్పింది. ఎందుకో ఆ క్షణాన దాచబుద్ధి కాలేదు.

"అక్కయ్యా, 1976లో నువ్విచ్చిన ఉత్తరం నేను పోస్టు చేయలేదు."

కాసేపు ఏమీ వినపడలేదు. లైను పోయిందేమో అనుకున్నాను.

"నాకు తెలుసురా" అన్నది. "డిస్పాచ్ గుమాస్తావి. పంపివుంటే ఏ తారీఖున పంపావో చెప్పేవాడివి. ఎన్నిసార్లు అడిగినా పంపాను పంపాను అన్నావే గాని తారీఖు చెప్పలేదు."

"మరి అప్పుడే గట్టిగా అడగలేదేం?"

"అడిగితే నువ్వు మీ బావతో చెబుతావని."

ఈ వ్యాసం పూర్తిచేసి మొన్న తెనాలి వెళ్ళినప్పుడు చదివి వినిపించాను. ఆమెకు ఇప్పుడు ఎనభై ఏళ్ళు, చూపు తగ్గింది, చెవులు బాగానే ఉన్నాయి. డాక్టర్ చక్రవర్తి గురించి నా అభిప్రాయం ఇప్పటికీ తప్పేనన్నది. ఉత్తరం దగ్గరకు వచ్చేసరికి చెయ్యి ఎత్తి ఆపింది. "టిక్కెట్టు డబ్బులు నేను ఇచ్చానని రాసి ఉండను. ఆ రోజు టిక్కెట్లు కొన్నది నువ్వు. నా చేతిలో డబ్బులెక్కడివి?" అన్నది. పైన ఆ వాక్యం నా జ్ఞాపకం ప్రకారం రాసినది. ఆమె చెప్పినదే సరైనదిగా సభ్యులు చదువుకోవలసిందిగా మనవి.